కంటి కణితుల మీద జంతు ప్రయోగాలు: ఫలించనివీ బయటపెట్టండి

కంటి లోపలి కణితుల మీద జంతు ప్రయోగాలు చేస్తున్న పరిశోధకులకు, వాటికి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు, డబ్బు సమకూర్చే సంస్థల పెద్దలకు,

నమస్కారం.

నేను పశువైద్యం చదివి, చాలా ఏళ్లుగా ప్రయోగశాల జంతువుల ఆలనాపాలనా చూస్తున్నాను. మీరు కంట్లోకి కణాలు ఎక్కించే రోజున జంతువుకు మత్తు ఇచ్చేది నాలాంటివాళ్లం. ఆ తర్వాత రోజూ పొద్దున్నే బోను తలుపు తీసి కన్ను చూసేదీ, చివరి రోజున దాన్ని నొప్పి లేకుండా సాగనంపేదీ మేమే. మీ పేపర్లో మా పని గురించి ఒక్క వాక్యం ఉంటుంది, జంతువుల సంరక్షణ నిబంధనల ప్రకారం జరిగిందని. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అసలు పేపరే రాని ప్రయోగాల్లో పోయిన జంతువులకు ఆ ఒక్క వాక్యం కూడా దక్కడం లేదు. ఈ లేఖ వాటి గురించి.

తెల్ల కుందేలు కన్ను ఎర్రగా ఉంటుందని మీకు తెలుసు. కంట్లో రంగు పదార్థం లేదు కాబట్టి కంటిపాపలోకి లైటు వేస్తే లోపలి రక్తనాళాల ఎరుపంతా నిప్పు కణికలా మెరుస్తుంది. కణాలు ఎక్కించిన కొన్నాళ్లకు ఆ ఎరుపులో ఒక మూల చిన్న తెల్లదనం కనిపిస్తుంది. మొదట దూదిపింజలా పలచగా ఉంటుంది. నాలుగు రోజులు పోయాక అంచులు కట్టుకుని చిన్న గడ్డలా తేలుతుంది. పసిబిడ్డ ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకో కన్ను తెల్లగా మెరిస్తే తల్లి గుండె గుభేలుమంటుంది. కంటి వెనక తెర రెటీనాలో పిల్లలకు వచ్చే క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా చాలామందిలో మొదట అలాగే బయటపడుతుంది. కుందేలు కంట్లో కనిపించేదీ అలాంటి తెల్ల మెరుపే. మనిషి జబ్బుకు నమూనాగా జంతువులో తెప్పించే జబ్బును మోడల్ అంటాం. ఆ మెరుపు కనిపించిన రోజు ల్యాబులో 'మోడల్ పట్టింది' అని ఒకరికొకరు చెప్పుకుంటారు. నేనూ ఎన్నోసార్లు సంతోషంగా ఆ మాట చెప్పాను. ఆ తెల్ల మచ్చ మీద ప్రయత్నించే మందు రేపు ఏ బిడ్డ కన్నయినా కాపాడవచ్చన్న ఆశతోనే ఈ పనిలో ఉన్నాను.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట ఈ మోడల్ కొత్తగా మొదలుపెట్టారు. మనిషి కణితి కణాలను కుందేలు ఒళ్లు ఊరికే ఒప్పుకోదు. అందుకని రోజూ సైక్లోస్పోరిన్ ఇచ్చి దాని రోగనిరోధక శక్తిని అణచాలి. మూడో వారానికల్లా కుందేళ్లు మేత ముట్టడం మానేశాయి. కుందేలు ఒక్కరోజు తినకపోయినా పేగుల కదలిక మందగిస్తుంది, అక్కడి నుంచి దిగజారడానికి ఎంతో సేపు పట్టదు. ముందు పెంటికలు చిన్నవయ్యాయి, తర్వాత గట్టిపడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. నొప్పి పుట్టిందని కుందేలు అరవదు. కళ్లు సగం మూసి, చెవులు వెనక్కి వాల్చి, మూలన ముడుచుకుని పళ్లు కొరుక్కుంటుంది. ఆ చప్పుడు వినపడాలంటే బోనులో తలపెట్టినంత దగ్గరికి వెళ్లాలి. ఇంకొన్నిటిలో సూది వెనక్కి తీసేటప్పుడు కణాలు ఆ దారినే బయటికి కారాయి. కణితి కంటి లోపల కాకుండా పైపొర కింద పెరిగి రెప్పను నెట్టేసింది. మీ ప్రయోగానికి ఆ కణితి పనికిరాదు. జంతువుకు మాత్రం నొప్పి నొప్పే.

డోసు తగ్గించాం, సూది మార్చాం, మూడో విడతకు గాని కుదరలేదు. పేపర్లో మూడో విడత ఒక్కటే వచ్చింది.

ఆ తర్వాత ఒక సదస్సు విరామంలో వేరే సంస్థ పరిశోధకుడితో మాటలు కలిశాయి. మా అవస్థ చెబుతుంటే ఆయన మధ్యలోనే తల ఊపి, "మాకూ అచ్చం ఇలాగే అయ్యిందండీ, మీకన్నా రెండేళ్ల ముందు" అన్నారు. అదే మందు, ఇంచుమించు అదే డోసు, అదే మేత మానేయడం, సూది దారిలో అదే లీకేజీ. ఎక్కడా రాయలేదా అని అడిగాను. "పట్టని మోడల్‌ని ఏ పత్రిక వేసుకుంటుందండీ" అన్నారు. ఆయన్ని ఏమీ అనలేకపోయాను. మేం మాత్రం రాశామా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకరు అప్పటికే తెలుసుకున్న సంగతిని మేం మళ్లీ తెలుసుకోవడానికి మా మొదటి రెండు విడతల కుందేళ్లు చనిపోయాయి.

అందుకని నేను అడిగేది ముందే సూటిగా చెప్పేస్తాను. కంటి కణితి మోడల్ ఏదైనా సరే, పట్టినా పట్టకపోయినా దాని పూర్తి లెక్క బయటికి రావాలి. ఎన్ని జంతువులతో మొదలుపెట్టారు, ఎన్నిటికి కణితి వచ్చింది, ఎన్ని మధ్యలో పోయాయి, ఎందుకు పోయాయి అన్నవన్నీ అందులో ఉండాలి. అలా రాస్తామన్న మాట లేనిదే కమిటీలు అనుమతి ఇవ్వకూడదు.

పట్టని మోడల్‌తో ఎవరికి ఉపయోగం అని అడిగేవాళ్లకు ఈ రంగం చరిత్రే జవాబు. 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ 48 మంది రెటినోబ్లాస్టోమా రోగుల వివరాలు లెక్కగట్టి, ఈ కణితి పుట్టాలంటే రెండు దెబ్బలు తగలాలని ప్రతిపాదించారు. 1986లో ఆ దెబ్బలు తగిలే జన్యువు ఆర్‌బీ1 చేతికి చిక్కింది. ఇంకేముంది, ఎలుకలో ఆ జన్యువును తీసేస్తే కంట్లో కణితి వచ్చేస్తుంది అనుకున్నారు. 1992లో మూడు బృందాలు విడివిడిగా ఆ పని చేసి చూశాయి. రెండు కాపీలూ పోయిన ఎలుక పిండాలు తల్లి కడుపులోనే చనిపోయాయి. ఒక కాపీ పోయినవి పుట్టి పెరిగాయి. వంశపారంపర్యంగా ఈ జబ్బు ముప్పుతో పుట్టే పిల్లలకు ఉండేదీ ఆ ఒక్క లోపమే. కానీ ఆ ఎలుకల కళ్లలో కణితులు రాలేదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో వచ్చాయి.

అంతకు రెండేళ్ల ముందు, 1990లో, సరిగ్గా దీనికి తిరగేసిన ఘటన జరిగింది. పిట్యూటరీలో పనిచేయాల్సిన ఒక జన్యు భాగానికి కణితులు పుట్టించే ఎస్‌వీ40 వైరస్ ప్రొటీన్‌ను తగిలించి ఎలుకల్లో పెడితే, ఒక ఎలుకకు రెండు కళ్లలోనూ రెటినోబ్లాస్టోమాను పోలిన కణితులు వచ్చాయి. అనుకున్న చోట రాలేదని దాన్ని పక్కన పడేయకుండా వెంటపడ్డారు. ఆ ఎలుక సంతతి మీదే తర్వాత ఎన్నో ఏళ్లు రేడియేషన్, కీమో మందులు పరీక్షించారు. కంటి కోసం చేసింది పిట్యూటరీలో తేలింది, పిట్యూటరీ కోసం చేసింది కంట్లో తేలింది. ఈ రెండిటి గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1992 నాటి ఫలితాన్ని కూడా ఎవరూ సొరుగులో పెట్టి తాళం వేయలేదు. కణితి ఎందుకు రాలేదని అడిగారు కాబట్టే అసలు సంగతులు బయటపడ్డాయి. ఎలుక రెటీనాలో ఆ జన్యువు చేసే ఆర్‌బీ ప్రొటీన్ పోతే, దానికి తోబుట్టువులాంటి పీ107 ప్రొటీన్ ఆ బాధ్యతను నెత్తిన వేసుకుంటుందని అర్థమైంది. 1998లో రెండూ లేని కణాలున్న ఎలుకల్లో కంటి కణితి వచ్చింది. 2004 నాటికి ఈ జన్యువులను రెటీనాలో మాత్రమే తీసేసిన ఎలుకలు తయారయ్యాయి. అప్పుడు ఇంకో తేడా కనిపించింది. ఎలుకలో ఆ కణితులు ఎక్కువగా రెటీనా లోపలి పొరల కణాల పోలికతో ఉన్నాయి. మనిషిలో మాత్రం రంగులు గుర్తుపట్టే కోన్ కణాలుగా ఎదగబోయే లేత కణాల నుంచి వస్తున్నట్టు ఆధారాలు దొరికాయి. 2014లో మనిషి పిండపు రెటీనాలోని ఆ లేత కణాల్లో ఆర్‌బీని అణచి, ఎలుక కంట్లో ఉంచి, కణితి పెరగడం చూపించారు. ఇంత దారికీ మొదలు ఎక్కడో చూడండి. కణితి రాని ఎలుక కన్ను! ఆ మూడు బృందాలూ మనలాగే ఊరుకుని ఉంటే ఈ రంగం ఎన్నేళ్లు వెనకబడి ఉండేదో.

రెండో విన్నపం. మీ మోడల్‌లో మనిషి జబ్బుకు సంబంధించిన ఏ ముక్క లేదో మొదటి పేజీలోనే రాయండి.

ఎలుక కన్ను అడ్డంగా చూస్తే మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అందులో సగానికి పైగా లెన్సే ఆక్రమిస్తుంది. మిగిలిన చోట ఉండే విట్రియస్ జెల్లీ ఐదు మైక్రోలీటర్లు, అంటే మనం కంట్లో వేసుకునే ఒక చుక్కలో పదో వంతు. మనిషి కంట్లో అది నాలుగు మిల్లీలీటర్లు. ఎలుకలో పనిచేసిన డోసును ఈ తేడా చూపకుండా పేపర్లోకి ఎక్కిస్తే చదివే డాక్టరుకు ఏం అర్థమవుతుంది? మనిషి కణాలను నిలుపుకునే నూడ్ ఎలుకకు (వెంట్రుకలు లేని ఒక ల్యాబు జాతి) రోగనిరోధక శక్తికి కీలకమైన టీ కణాలు ఉండవు, కాబట్టి రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందులను దానిలో పరీక్షించడం కుదరదు. ఎక్కించే వై79 కణాలు మనిషి రెటినోబ్లాస్టోమా నుంచి తీసినవి, 1974 నుంచి ల్యాబుల్లో పెరుగుతున్నవి. ఇన్ని దశాబ్దాలు ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో బతికిన కణం, ఒక బిడ్డ కంట్లో నిన్న పుట్టిన కణం ఒకటే అనుకోవడానికి లేదు.

కుందేలు సంగతి వేరు. దాని కన్ను పుట్టిన బిడ్డ కన్నంత ఉంటుంది. కంట్లోకి మెల్ఫలాన్ అనే కీమో మందు ఇంజెక్షన్ ఇస్తే రెటీనా ఎంత డోసు వరకు తట్టుకుంటుందో, ఎక్కడి నుంచి దెబ్బతింటుందో తెలుసుకోవడానికి కుందేళ్లలో రెటీనా విద్యుత్ స్పందనను కొలిచే ఈఆర్‌జీ పరీక్షలు చాలా ఉపయోగపడ్డాయి. కంటి ధమనిలోకి నేరుగా మందు పంపే పద్ధతిని డేవిడ్ అబ్రామ్సన్, పియర్ గోబాన్ 2006లో పిల్లల్లో మొదలుపెట్టారు. దానికి దారి వేసింది అంతకు ముందు జపాన్ డాక్టర్లు చేసిన పని. కంట్లో ఎక్కడ ఎంత మందు చేరుతోంది, ఏ నాళం దెబ్బతింటోంది అన్న ప్రశ్నలకు తర్వాత పందులు, కుందేళ్లు జవాబులిచ్చాయి. జంతు ప్రయోగాల మీద నాకున్న నమ్మకం ఇలాంటి వాటి వల్లే నిలబడింది. అయినా కుందేలు రెటీనాలో రక్తనాళాలు రెండు పక్కలా ఒక పట్టీలాగా మాత్రమే ఉంటాయి, మాక్యులా ఉండదు. మనం అక్షరం చదివేది, ముఖం గుర్తుపట్టేది ఆ మాక్యులాతోనే. 'చూపు దెబ్బతినలేదు' అని కుందేలును చూసి రాసే ముందు ఈ సంగతి ఒక్క లైను రాయండి. బిడ్డ చూపు గురించి నిర్ణయం తీసుకోబోయే డాక్టరుకు అది అవసరం.

పెద్దవాళ్లకు కంటి లోపలి రంగు పొరల్లో వచ్చే క్యాన్సర్, యువియల్ మెలనోమా విషయంలో ఈ అజాగ్రత్త ఇంకా ఎక్కువ, దాని ఫలితం ఇంకా బాధాకరం. ఈ జబ్బులో కంట్లో కణితిని రేడియేషన్‌తోనో ఆపరేషన్‌తోనో చాలావరకు అదుపు చేయగలుగుతున్నాం. అయినా దాదాపు సగం మందిలో అది ఎప్పుడో ఒకప్పుడు వేరే చోటికి, చాలా ఎక్కువగా కాలేయానికి, పాకుతుంది. ప్రాణం తీసేది అదే. దశాబ్దాల పాటు దీనికి మోడల్‌గా వాడింది బీ16 కణాలను. అవి ఎలుక చర్మపు మెలనోమా కణాలు. కంటి మెలనోమాలో 2009లో జీఎన్ఏక్యూ, 2010లో జీఎన్ఏ11 జన్యువుల్లో మార్పులు బయటపడ్డాక, కంటి మెలనోమా, చర్మపు మెలనోమా పేరులో ఒకటే గాని పుట్టుకలో వేరని తేలిపోయింది. కంటి మెలనోమా కణాలని ల్యాబుల్లో చేతులు మారుతూ వచ్చిన ఓసీఎమ్-1 కణాల్లో చర్మపు మెలనోమాలో మామూలుగా కనిపించే బీఆర్ఏఎఫ్ జన్యువు మార్పు ఉంది. చర్మపు మెలనోమా రోగుల్లో అద్భుతంగా పనిచేసిన, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇమ్యూనోథెరపీ మందులు, కంటి మెలనోమా కాలేయానికి పాకిన వాళ్లలో కొద్దిమందికే పనిచేశాయి. ఎలుక కంట్లో పెరిగింది కాబట్టి అది కంటి జబ్బే అనుకోవడం ఎంత పొరపాటో ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఏ ప్రయోగం మొదలుపెట్టినా ముందు మీ ఫ్రీజర్లో ఉన్న కణాలు ఎవరివో, ఎక్కడివో జన్యు పరీక్ష చేసి చూడండి. దానికయ్యే ఖర్చు ఒక్క విడత జంతువుల ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇప్పుడు జీఎన్ఏక్యూ, జీఎన్ఏ11 మార్పులు పెట్టిన ఎలుకలు, జీబ్రాఫిష్‌లు ఉన్నాయి. మంచిదే. ఇంకోవైపు, 2022 జనవరిలో అమెరికాలో అనుమతి పొందిన టెబెంటాఫస్ప్ మందు మనిషి కణాల మీద ఉండే హెచ్ఎల్ఏ-ఏ02:01 అణువును గుర్తుపట్టి పనిచేస్తుంది. మామూలు ఎలుకలో ఆ అణువే లేదు. పాకిన యువియల్ మెలనోమా రోగుల ఆయుష్షు పెంచినట్టు పెద్ద ట్రయల్‌లో తేలిన మొదటి మందుకు మనకు అలవాటైన ఎలుక సరిపోదన్నమాట. కమిటీ సభ్యులు ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి. 'జంతువులో చూడకపోతే ఎలా' అన్న ప్రశ్న ఎంత న్యాయమో, 'ఈ జంతువు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలదా' అన్నదీ అంతే న్యాయం.

పెంపుడు పిల్లులకు, కుక్కలకు తమంత తాముగా వచ్చే కంటి మెలనోమాల గురించి కూడా ఒక మాట. పిల్లి కంటి రంగు పొర మీద గోధుమ రంగు మచ్చ ఒకటి పుట్టి, నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా కమ్ముకుపోవడం నేను చూశాను. యజమాని ఒప్పుకుంటే ఆ కణితి నుంచి ఎంతో నేర్చుకోవచ్చు, ఆరోగ్యంగా ఉన్న జంతువుకు జబ్బు తెప్పించే పని లేకుండా. ఇక్కడా తేడా ఉంది. మనిషిలో ఇది ఎక్కువగా కంటి వెనక కోరాయిడ్ పొరలో వస్తుంది, పిల్లిలో ముందున్న ఐరిస్‌లో వస్తుంది.

మనిషి మూల కణాల నుంచి పెంచే రెటీనా ఆర్గనాయిడ్ల (రెటీనాను పోలిన చిన్న కణజాలపు ముద్దల) మీద నాకు చాలా ఆశ ఉంది. ఆర్‌బీ1 తీసేసిన మనిషి కణాల నుంచి పెంచిన ఆర్గనాయిడ్లలోనే రెటినోబ్లాస్టోమా పుట్టడం 2020లో చూపించారు. కణితి ఏ కణం నుంచి మొదలవుతుందన్న ప్రశ్నకు ఎలుక ఇవ్వలేని జవాబు అది ఇస్తోంది. ఆర్గనాయిడ్‌కు రక్త ప్రసరణ లేదు, కాలేయం లేదు, కాబట్టి మందు ఒంట్లో ఏం చేస్తుందో అది చెప్పలేదు. కానీ జంతువు అవసరం లేని ప్రశ్నలను ముందుగా అక్కడ తేల్చేసుకుంటే బోనుల్లో చాలా ఖాళీ అవుతుంది.

ఇవన్నీ చెబితే ల్యాబుల్లో వినిపించే అభ్యంతరాలు నాకు తెలుసు. ముందే రిజిస్టర్ చేస్తే ఐడియా ఎవరైనా ఎత్తుకుపోతారని కొందరి టెన్షన్. జర్మనీలో 2019 నుంచి యానిమల్ స్టడీ రిజిస్ట్రీ నడుస్తోంది. వివరాలు నమోదు చేసి, కొన్నేళ్లు బయటికి కనపడకుండా ఉంచుకునే వీలు అందులో ఉంది. విఫలమైనవి రాస్తే జంతు ప్రయోగాలు వద్దనేవాళ్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని ఇంకొందరి భయం. దాచిపెట్టినది పదేళ్ల తర్వాత బయటపడితే అంతకన్నా పెద్ద ఆయుధమవుతుంది. జంతువు పక్కన రోజూ నిలబడే మాలాంటివాళ్లం అప్పుడు మీ తరఫున ఏమని మాట్లాడగలం? ఇక, పిల్లల ప్రాణాలు పోతుంటే ఫారాలు నింపుతూ కూర్చోవాలా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల ఆతురత నాకు అర్థమవుతుంది. కానీ మా మూడు విడతల్లో రెండు ఒకరి నోటుబుక్కులో అప్పటికే ఉన్నాయి. అవి చదివే వీలుంటే మేం మూడో విడతతోనే మొదలుపెట్టేవాళ్లం. పోయిన ఆ నెలలూ పిల్లలవే.

కమిటీ సభ్యులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. కంటి పరిశోధకుల అంతర్జాతీయ సంస్థ ఆర్వో, జంతువుల విషయంలో తన సూచనల్లో మామూలుగా ప్రయోగం ఒక కంటికే పరిమితం కావాలంటుంది. ఈ నియమం మీ అందరికీ తెలుసు, చాలావరకు పాటిస్తున్నారు కూడా. దానితోపాటు ఆపాల్సిన ఘడియ ఏదో కూడా ముందే రాయించండి. 'కణితి బాగా పెరిగినప్పుడు' అని రాస్తే నాకు చాలదు. కంటి ఒత్తిడి ఎంతకు చేరితే, కార్నియా ఎంత మసకబారితే, బరువు ఎంత తగ్గితే ప్రయోగం ఆపేయాలో అంకెలు కావాలి. ఎలుకల ముఖంలో నొప్పి కొలిచే స్కేలు 2010లో, కుందేళ్లకు 2012లో వచ్చాయి. వాటిని వాడటం నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు. కణితితో నిండి ఉబ్బిన కంట్లో ఒత్తిడి పెరిగితే ఎంత నొప్పో గ్లాకోమా రోగిని ఎవరినైనా అడగండి. శుక్రవారం సాయంత్రం అలాంటి కన్ను కనిపించి, సోమవారం దాకా ఆగమని పైనుంచి ఫోనులో మాట వస్తే, మత్తు సిరంజి చేతిలో పట్టుకుని నిలబడాల్సింది నేను. ఆ నిర్ణయం నాకు వదిలేయండి అని రాతపూర్వకంగా కోరుతున్నాను.

డబ్బిచ్చే సంస్థల పెద్దలు గ్రాంటులో ఒక చిన్న భాగం విఫలమైన విడతలను రాసి బయటపెట్టడానికే కేటాయించాలి. చివరి వాయిదా ఆ నివేదిక చూశాకే విడుదల చేయండి. జంతు ప్రయోగాలను ఎలా నివేదించాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు 2010లో వచ్చాయి, 2020లో సవరించారు. పత్రికలు వాటిని ఒప్పుకున్నట్టు రాస్తాయి. పాటించారో లేదో అడిగేవాళ్లు తక్కువ. డబ్బు చేతిలో ఉన్నవాళ్లు అడిగితే వెంటనే జవాబు వస్తుంది.

ఇంత చెప్పి నేను ఊరుకుంటే బాగుండదు. మా మొదటి రెండు విడతల రోజువారీ పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. డోసులు, బరువులు, మేత లెక్క, ఏ సూదితో ఎంత ఎక్కించాం, ఎక్కడ కారింది, ఏ రోజు ఏ జంతువును ఆపేశాం, అన్నీ ఉన్నాయి. వాటిని ఎవరైనా చూసుకునేలా బయటపెట్టడానికి అనుమతి అడిగాను. చేతిరాత పేజీలను టైపు చేయడం ఈ వారమే మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఇలా ఉంది: "ఏడో నంబరు. నిన్నటి మేత అలాగే ఉంది. పెంటికలు లేవు. ఎడమ కన్ను సగం మూసి ఉంది."

ఇట్లు,
ప్రయోగశాల జంతువుల వైద్య బాధ్యతలు చూసే మీ సహోద్యోగి